బోర్డు మీది నలభై నిమిషాలు

మా విమానాశ్రయం అనగానే పెద్దగా ఊహించుకోకండి. ఒక పొడవాటి రేకుల షెడ్డు, దాన్ని మూడు ముక్కలు చేసే ప్లైవుడ్ గోడలు రెండు, బయట రన్‌వే, దాని రెండు చివర్లా సముద్రం. మొదటి ముక్కలో నేను, నా కౌంటరు, ఒక ఫోను, ఒక రేడియో సెట్టు ఉంటాం. రెండో ముక్కలో ప్రయాణికుల కోసం ఇరవై కుర్చీలున్నాయి, వాటిలో పదిహేడింటి మీద ధైర్యంగా కూర్చోవచ్చు. మూడోది సామాన్ల గది. అది మా బావ రాజ్యం.

నా కుర్చీ వెనక గోడకి నీలం బోర్డు ఒకటుంది. పెద్ద దీవికి దూరం 210 కిలోమీటర్లు, ప్రయాణ సమయం 40 నిమిషాలు అని తెల్ల అక్షరాలతో రాసి ఉంటుంది. కంపెనీ దగ్గర ముప్ఫై సీట్ల విమానం ఉన్న రోజుల్లో రాయించిన బోర్డు అది. ఆ విమానం పోయి పదకొండేళ్లయింది. దాని బదులు తొమ్మిది సీట్ల చిన్నది వచ్చింది. పాపం దాని తప్పేం లేదు, దాని వేగమే అంత. ఇక్కణ్ణుంచి వెళ్లేటప్పుడు ఎప్పుడూ ఎదురుగాలే, అటూ ఇటూగా గంట పడుతుంది. వచ్చేటప్పుడు గాలి తోడొస్తుంది కాబట్టి యాభై నిమిషాల్లో దిగుతుంది. విమానం మారింది గానీ బోర్డు మీద రంగు మారలేదు.

చిన్న విమానం వచ్చిన కొత్తలో ఎవరో ఫోన్ చేసి ఎంతసేపు పడుతుందని అడిగితే గంటండీ అన్నాను. నా ఖర్మకొద్దీ ఆ రోజు మేనేజర్ గారు తనిఖీకి వచ్చి పక్కనే కూర్చుని ఉన్నారు. "బోర్డు మీదున్నది కంపెనీ మాట. దాన్ని కాదనడానికి నువ్వెవరు?" అన్నారు. పోనీ బోర్డే మార్పించండి సార్ అంటే, పై ఆఫీసుకి రాస్తానన్నారు. ఇంకా రాస్తూనే ఉన్నారు కాబోలు. నేను ఎదురు చెప్పే రకం కాదు. ఆ మర్నాటి నుంచి ఎవరు అడిగినా నలభయ్యే. పోనుపోను ఎలా తయారయ్యానంటే, అవతలి మనిషి ప్రశ్న పూర్తి చేసేలోపే నా నోరు దానంతటదే నలభై అనేసేది. తరచూ విమానం ఎక్కేవాళ్లకి గంటని తెలుసు, వాళ్లూ నవ్వేవాళ్లు. అందులో ఎవరికీ నష్టం కనపడలేదు.

మా బావ నాకు "బోర్డు" అని పేరు పెట్టాడు. అక్క మొగుడు కాబట్టి ఆ హక్కు తనకుందని అతని నమ్మకం. పొద్దున్నే వస్తూనే "ఏరా బోర్డూ, ఇవాళ కూడా నలభయ్యేనా?" అని అడిగి గానీ సామాన్ల గది తాళం తీసేవాడు కాదు. సామాన్లు తూచడం, విమానంలో సర్దడం అతని పని. చిన్న విమానం కాబట్టి మనుషుల్ని కూడా సామాన్ల కాటా మీదే తూచాలి. ఆ బరువు అందరికీ వినపడేలా చదివేవాడు. హెడ్‌మాస్టరు గారి భార్యని తూచినప్పుడు మాత్రం ఆవిడ చెవి దగ్గరికి వంగి రహస్యంగా చెప్పి, వెంటనే నా వైపు తిరిగి "ఎనభై నాలుగు రాసుకోరా" అని గట్టిగా అరిచాడు. ఆవిడ ఏడాదిపాటు ఓడలోనే ప్రయాణం చేసింది.

అతనికి ఇంకో సరదా ఉంది. విమానం ఎగరగానే నేను రిజిస్టర్లో టైము వేస్తాను, పెద్ద దీవిలో దిగామని పైలట్ రేడియోలో చెప్పగానే మళ్లీ వేస్తాను. అప్పుడు బావ గోడ పక్కనుంచి తల పెట్టి "ఎంతరా?" అనేవాడు. నేను అరవై ఒకటి అనో యాభై తొమ్మిది అనో చెప్పేవాణ్ణి. సామాన్ల గది తలుపు లోపలి వైపు సుద్దముక్కతో ఆ అంకె రాసేవాడు. తలుపు నిండితే పైన చెరిపి మళ్లీ మొదలుపెట్టేవాడు. "నీ నలభై వచ్చిన రోజున దీవి మొత్తానికి మిఠాయి పంచుతానురా," అనేవాడు. నేను నవ్వి, అప్పుడే మోగుతున్న ఫోనెత్తి, అవతలివాళ్లకి నలభై అని చెప్పేవాణ్ణి.

వానలు పడుతున్న రోజుల్లో అతనికి దగ్గు మొదలైంది. మూడు వారాలు దగ్గుతూనే పెట్టెలు మోశాడు. సెలవు పెట్టమని అక్క పోరితే, ఆ పని చేయడానికి ఇంకో మనిషి లేడని నేనే "ఈ వారం ఒక్కటీ లాగించు బావా" అన్నాను. అది కూడా నా ఖాతాలోదే. వారం పూర్తి కాకముందే కాటా పక్కన కూలబడ్డాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. డిస్పెన్సరీలో పడుకోబెట్టారు. మాకు డాక్టరు వారానికి ఒక్కరోజే వస్తాడు, మిగతా రోజుల్లో నర్సమ్మే దిక్కు. ఆమె దీవికి వచ్చి నాలుగు నెలలైంది. మందుల పెట్టెలతో పాటు ఓడలో దిగింది, మా విమానం ఒక్కసారి కూడా ఎక్కలేదు. రెండో రోజు పొద్దున పెద్ద దీవి డాక్టరుతో ఫోన్లో మాట్లాడితే, ఊపిరితిత్తులు రెండూ పట్టేశాయి, తొమ్మిదిన్నర విమానానికి పంపించేయండి, ఇక్కడైతే బతికించుకుంటాం అన్నాడట.

ఎనిమిదిన్నరకి నర్సమ్మ నాకు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, విమానం ఎంతసేపు పడుతుంది? నాకు నిమిషాల్లో కావాలి."

"నలభై నిమిషాలమ్మా."

"సరిగ్గా చెప్పండి. విమానంలో పట్టే చిన్న సిలిండర్లలో నిండుది ఒక్కటే ఉంది. రెండోది ఖాళీ, నింపించడానికి పంపాలి. ఉన్నదాన్ని పూర్తిగా తిప్పితే యాభై రెండు నిమిషాలొస్తుంది. సగానికి తగ్గిస్తే గంటన్నర దాటి వస్తుంది. సగమైనా ప్రాణానికి భయం లేదన్నారు డాక్టరు గారు, కానీ మనిషి బాగా ఆయాసపడతాడు, చూళ్లేం. నలభయ్యే అయితే పూర్తిగా తిప్పేస్తాను, హాయిగా ఊపిరి తీసుకుంటూ వెళ్తాడు. నలభయ్యేనా?"

"నలభయ్యేనమ్మా. బోర్డు మీదే ఉంది."

ఆ మాట అంటున్నప్పుడు నా కుడిచేయి రిజిస్టరు మీద ఉంది. తెరిచిన పేజీలో నిన్నటి వరస, నా చేతిరాత, అరవై రెండు. నేను దాన్ని చూడలేదని చెప్పను. చూశాను. చూస్తూనే చెప్పాను. మేనేజర్ గారికి భయపడ్డాననో, కంగారులో ఉన్నాననో చెప్పుకోవచ్చు గానీ అవేం కావు. పదకొండేళ్లుగా ఆ ప్రశ్నకి ఆ జవాబు ఇస్తున్నాను, అప్పుడూ అదే ఇచ్చాను. మా బావ ఊపిరి గురించి అడుగుతోందని నా బుర్రకి తెలుసు, నా నోటికి తెలియలేదు. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది ఇప్పుడు. ఏం లాభం.

తొమ్మిదీ పదికి వ్యానులో తీసుకొచ్చారు. ఆ రోజు వేరే ప్రయాణికుల్ని ఎక్కించలేదు, విమానంలో నాలుగు సీట్లు విప్పేసి స్ట్రెచరుకి చోటు చేశాం. బావ లేడు కాబట్టి తూచే పని కూడా నాదే. స్ట్రెచరుతో సహా అతన్ని కాటా మీద పెట్టించాను. అందర్నీ తూచే మనిషి ఆ కాటా మీద పడుకుని మాస్కు లోంచి నన్నే చూస్తున్నాడు. కళ్లలో ఆ పాత కొంటెతనం ఇంకా ఉంది. మాస్కు కాస్త జరిపి "గట్టిగా చదవరా," అన్నాడు. నేను చదవలేకపోయాను. మెల్లిగా చెప్పి రాసుకున్నాను.

విమానంలోకి ఎక్కించాక, అప్పటిదాకా చక్రాల బండి మీద వెంట తెచ్చిన డిస్పెన్సరీ పెద్ద సిలిండరు గొట్టం తీసి చిన్న సిలిండరుకి తగిలించారు. అక్క అతని తల దగ్గర సీట్లో కూర్చుంది, తను విమానం ఎక్కడం అదే మొదటిసారి. నర్సమ్మ వాల్వు తిప్పుతూ అక్కకి ధైర్యం చెప్పింది. "నలభై నిమిషాలే అక్కా. పూర్తిగా తెరిచేశాను. అక్కడ అంబులెన్సు ఎదురుచూస్తుంటుంది."

బావ చప్పున తల తిప్పి నా వైపు చూశాడు. చేత్తో మాస్కు లాగేయబోయాడు. నాకు తోచిందల్లా, నలభై అనే మాట వినగానే ఎప్పటిలా నన్ను ఆటపట్టించబోతున్నాడని. నేను మాస్కు మళ్లీ మూతికి సర్ది పట్టీ బిగించాను. "జోకులు వచ్చాక వేద్దువుగాని బావా. ముందు ఊపిరి దాచుకో." నా మణికట్టు పట్టుకున్నాడు. వేళ్లు ఒక్కొక్కటే విడిపించుకుని కిందికి దిగాను. తలుపు వేసేశారు. పైలట్‌కి సిలిండరు లెక్క ఎవరూ చెప్పలేదు. నర్సమ్మకి గంట ప్రయాణమని ఎవరూ చెప్పలేదు. రెండూ తెలిసిన మనిషి ఒక్కడే, వాడు రన్‌వే పక్కన నిలబడి చెయ్యి ఊపాడు.

తొమ్మిదీ ముప్ఫై రెండుకి ఎగిరింది. రిజిస్టర్లో వేశాను. తర్వాత బావ పని కూడా నెత్తిన పడింది కదా, మధ్యాహ్నం ఓడకి వెళ్లాల్సిన పార్సిళ్లు తూచి కట్టడంలో మునిగిపోయాను. ఆ గది తలుపు బార్లా తీసి గోడకి ఆనించి ఉంది, సుద్ద అంకెలు గోడవైపుకి తిరిగి ఉన్నాయి. ఒక్కసారి దాన్ని మూసి ఉంటే కనపడేవి. మూయలేదు.

పదీ పద్నాలుగుకి రేడియోలో మా పైలట్ గొంతు వినపడింది. నాతో కాదు, పెద్ద దీవి టవరుతో మాట్లాడుతున్నాడు. "పేషెంటుకి ఆక్సిజన్ సరిపోదంటున్నారు. సగానికి తగ్గించారు. అంబులెన్సుని రన్‌వే మీదికే పంపండి. ఇంకా ఇరవై నిమిషాల పైన పడుతుంది." కౌంటరు దగ్గరికి పరిగెత్తి గడియారం చూశాను. బోర్డు చూశాను. రిజిస్టరు చూశాను. అప్పుడు దిగింది నా బుర్రకి. చేయడానికి ఏమీ లేదు. గాలిని ఆపలేను, విమానాన్ని తోయలేను. రేడియో ముందు కూర్చుని నిమిషాల ముల్లు కదలడం చూస్తూ ఉన్నాను.

పదీ ముప్ఫై అయిదుకి "దిగాం," అన్నాడు పైలట్. నా చెయ్యి అలవాటుగా రిజిస్టర్లో అరవై మూడు అని వేసింది. గోడ పక్కనుంచి ఎంతరా అని అడిగేవాళ్లు లేరు.

దిగడానికి ఏడు నిమిషాల ముందు సిలిండరు ఖాళీ అయిందట. ఎక్కిన దగ్గర్నుంచి సగానికే పెట్టి ఉంటే దిగేసరికి ఇంకా అరగంట సరుకు మిగిలి ఉండేది. నర్సమ్మ నోటితో ఊపిరి ఊదుతూనే ఉందట, అంబులెన్సు వాళ్లు పక్కకి లాగేదాకా.

బావ పోయిన ఆరో రోజున అక్క ఇంటికి వెళ్లాను. వంటగదిలో నేల మీద కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించలేదు. నేను గోడకి ఆనుకుని కూర్చున్నాను.

"ఒరేయ్, ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. మీ బావకి బతకాలని లేదా?"

"అదేం మాటక్కా?"

"విమానం ఎగిరిన దగ్గర్నుంచీ చెయ్యి ఆ సిలిండరు మీదికే పోనిచ్చాడురా. ఆ తిప్పేది తగ్గించేశాడు. నర్సమ్మ మళ్లీ తెరిచింది. మళ్లీ తగ్గించాడు. జ్వరంలో ఏం చేస్తున్నాడో తెలీట్లేదు, చెయ్యి పట్టుకోండి అంది ఆ అమ్మాయి. పట్టుకున్నాను. రెండు చేతుల్తో పట్టుకుని నా ఒళ్లో అదిమిపెట్టాను. అయినా గుంజుతూనే ఉన్నాడు. మాస్కులో ఏదో అంటాడు, ఇంజన్ మోతలో ఏం వినపడుతుంది? నలభై నిమిషాలేనండీ, నర్సమ్మ చెప్పింది, కాస్త ఓర్చుకోండి అంటూనే ఉన్నాను. ఆ మాట అన్నప్పుడల్లా తల అడ్డంగా ఊపేవాడు." అక్క తన అరచేతులు చూసుకుంది. "చచ్చిపోవాలనుకున్నాడా? నామీద ఏమన్నా కోపమా? మూడు వారాలు సెలవు పెట్టమని సతాయించాను, అందుకా?"

నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. నలభై కాదు గంటని ఆ విమానంలో తెలిసినవాళ్లు పైలట్ కాక అతనొక్కడే. రోజూ సుద్దతో రాసుకున్న మనిషి. ఉన్న సరుకుని గంటకి సర్దబోయాడు. ఆయాసాన్ని ఓర్చుకుని బతుకుదామనుకున్నాడు. బరువులు సర్దే మనిషికి అది పెద్ద లెక్క కూడా కాదు.

ఇది చెబితే అక్క మనసులోంచి ఒక ముల్లు తీసి, ఇంకా పెద్దది దింపినట్టవుతుంది. చెప్పకపోతే మొగుడు తనని వదిలి పోవాలనుకున్నాడనే అనుకుంటూ బతుకుతుంది. అక్కని కాపాడుతున్నానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, కాపాడుకున్నది నన్ను నేనే.

"జ్వరంలో తెలీదక్కా," అన్నాను. నీళ్లు నమిలినట్టు అన్నాను. అక్క తలూపింది.

మర్నాడు మేనేజర్ గారు దిగారు. ఎల్లుండి విచారణకి ఆఫీసరు వస్తున్నాడని, ఈలోపు నా వాంగ్మూలం సిద్ధంగా ఉండాలని ఒక కాగితం నా ముందు పెట్టారు.

"మామూలుగా నలభై నిమిషాలే, ఆ రోజు గాలి ఎక్కువై ఆలస్యమైంది అని రాయి. నర్సు సిలిండరు లెక్క తప్పింది అని రాయి. ఆ అమ్మాయిని డ్యూటీ నుంచి ఆపేశారు, ఎలాగూ పోయేదే. రిజిస్టరు నేను తీసుకెళ్తున్నాను. ఆ తలుపు మీద గీతలేంటి, దరిద్రంగా? కడిగించు."

"మా బావ రాసినవి సార్."

"పోయినాయన మీద నాకూ గౌరవముంది. కడిగించు," అన్నారాయన, రిజిస్టరు సంచిలో పెట్టుకుంటూ.

ఆయన వచ్చిన విమానంలోనే వెళ్లిపోయాక బకెట్టులో నీళ్లు పట్టి, గుడ్డ తడిపి సామాన్ల గదిలోకి వెళ్లాను. తలుపు మూసి దాని ఎదుట నిలబడ్డాను. పైనుంచి కింద దాకా అతని అంకెలు. అరవై ఒకటి, యాభై తొమ్మిది, అరవై నాలుగు, అరవై. ఒక అరవై ఆరు పక్కన "బోర్డుకి జ్వరం" అని రాశాడు. పై రెండు వరసలు తుడిచేశాను. సిగ్గు లేకుండా తుడిచాను. మూడో వరస మీద చెయ్యి పెట్టేసరికి ఎవరో తలుపు తోశారు. వెనక్కి జరిగాను.

అక్క. బావ వానకోటు, బూట్లు తీసుకెళ్దామని వచ్చింది. లోపలికొచ్చి మేకుకున్న కోటు తీసుకుని, వెళ్లబోతూ తలుపు చూసింది.

"ఇది ఆయన రాతేగా. ఎందుకు చెరుపుతున్నావ్?"

నేను గుడ్డని బకెట్టులో పడేశాను.

"ఏంటివి? పెట్టెల బరువులా?"

అవునంటే సరిపోయేది. అవునని నోటి చివరదాకా వచ్చింది కూడా. ఆ నోటిని అప్పటికే నేను చాలా నమ్మాను.

"కాదక్కా. విమానం ఇక్కణ్ణుంచి పెద్ద దీవికి వెళ్లడానికి పట్టిన నిమిషాలు. రోజూ రాసేవాడు."

అక్క దగ్గరికి వెళ్లి, వేలితో ఒక్కొక్క అంకె మీదుగా చదువుకుంటూ కిందికి వచ్చింది. చిన్నపిల్లలు చదివినట్టు పైకే చదివింది. చివరిదాకా వచ్చాక మళ్లీ పైనుంచి మొదలుపెట్టింది. ఏదో పోయిన వస్తువు వెతుకుతున్నట్టు ఉంది.

"ఇందులో నలభై ఒక్కటీ లేదేంట్రా?"

"లేదక్కా. పదకొండేళ్లలో ఒక్కరోజు కూడా రాలేదు."

"మరి నర్సమ్మకి నలభై అని ఎవరు చెప్పారు?"

"నేను."

"నీకు తెలిసే?"

"తెలిసే. నోటికి అలవాటైపోయి..."

కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. కోటు గుండెలకి అదుముకుని కాటా మీద కూర్చుంది. కాటా ముల్లు ఊగి ఒక చోట ఆగింది.

"అయితే ఆయనకి తెలుసు, గంట పడుతుందని."

"తెలుసక్కా."

"అందుకా తగ్గించింది."

"అవును."

"అంటే చావాలనుకోలేదు."

"లేదక్కా. బతకడానికే."

తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. ముఖంలో ఒక్క క్షణం పాటు ఏదో తేలికపడినట్టు కనిపించింది, వెంటనే పోయింది. కోటు ఒళ్లో పెట్టుకుని, తన రెండు చేతుల్నీ దాని జేబుల్లోకి దూర్చి కనపడకుండా దాచుకుంది. నేను కింద కూర్చుని ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"ఆ కాగితం ఏది? మేనేజరు ఇచ్చింది. ఊళ్లో అనుకుంటున్నారు, నర్సమ్మ తప్పని రాయిస్తున్నారని."

తెచ్చాను.

"ఇక్కడే కూర్చుని రాయి, నేను చూస్తాను. నలభై అని నువ్వు చెప్పావని రాయి. గంట పడుతుందని తెలిసి చెప్పావని రాయి. ఈ తలుపు సంగతి రాయి. ఆ అమ్మాయి తప్పేం లేదని రాయి."

రాశాను. తలుపు మీద రెండు వరసలు తుడిచింది నేనేనని కూడా రాశాను. ఉద్యోగం పోతుందని తెలుసు. అది పోతే పోయింది, దాని గురించి ఇక్కడ చెప్పుకోవడం కూడా సిగ్గుచేటు.

"అయిపోయిందా?"

"అయిపోయిందక్కా."

"కాలేదు. ఆయన సిలిండరు తగ్గించబోతే నేను చెయ్యి పట్టుకున్నానని రాయి."

"అది ఎందుకక్కా? నీకు తెలియక..."

"రాయమన్నానా."

రాశాను. కాగితం తీసుకుని, పెదాలు కదుపుతూ మొదటినుంచి చదివింది. చివరి వాక్యం దగ్గర ఆగి, కాగితం మళ్లీ నా ముందు పెట్టింది.

"గట్టిగా పట్టుకున్నానని రాయి," అంది.